గంజి నుంచి గ్లూకోజ్ దాకా



మీరు వంటింట్లో పని చేసుకుంటూ ఈ ప్రసంగం వింటూ ఉంటే, ఇంగువ డబ్బా ఒకసారి చేతిలోకి తీసుకోండి. వెనకవైపు చిన్న చిన్న అక్షరాల్లో అందులో ఏమేం కలిపారో రాసి ఉంటుంది. చాలా డబ్బాల మీద గోధుమ పిండో, మైదానో, బియ్యప్పిండో ముందు కనిపిస్తుంది. పక్కనే తుమ్మబంక. అసలు ఇంగువ పేరు ఆ తర్వాతే. ఇది కల్తీ కాదు, చట్టం ఒప్పుకున్న పద్ధతే. మొక్క నుంచి తీసిన ఇంగువ పాలు ఎండితే గట్టి బంకలా ఉంటుంది. దాని ఘాటు భరించలేం, చిటికెడు తీసి పోపులో వెయ్యాలన్నా చేతికి రాదు. పిండి కలిపితే ఘాటు తగ్గుతుంది, పొడి పొడిగా నిలుస్తుంది, పావుకిలో పప్పుకు సరిపడేంత కొలిచి వేసుకోవచ్చు. అంటే ఇంగువ అనుకుని మనం కొనే దాంట్లో పెద్ద వాటా పిండిదే.

బజార్లో దొరికే తయారీ ఆహారాల్లో పిండి పదార్థం ఇలా ఎక్కడెక్కడ చేరి కూర్చుందో, ఏ పని మీద వచ్చిందో, అందులో దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో ఈ కాసేపట్లో మాట్లాడుకుందాం. ముందే ఒక మాట చెప్పేస్తాను. పొట్లాం వెనక అంకెలతో కనిపించే పిండిని చూసి మనం జంకుతాం. అంకెలు లేకుండా, మంచి పేరుతో, తియ్యగా కూడా లేకుండా వచ్చే పిండిని పట్టించుకోం. నా దృష్టిలో చూడాల్సింది రెండోదాన్నే.

పిండి పదార్థం అంటే మొక్క తన రేపటి కోసం దాచుకున్న గ్లూకోజ్. వేలకొద్దీ గ్లూకోజ్ అణువుల్ని గొలుసులుగా కూర్చి, ఆ గొలుసుల్ని కంటికి ఆనని రేణువులుగా చుట్టి, గింజలోనో దుంపలోనో భద్రం చేస్తుంది. ఆ గొలుసులు రెండు రకాలు. కొమ్మలు లేకుండా ఇంచుమించు తిన్నగా సాగే గొలుసు అమైలోజ్. కొమ్మలు కొమ్మలుగా విస్తరించేది అమైలోపెక్టిన్. మామూలు మొక్కజొన్న పిండిలో నాలుగో వంతుకు కాస్త అటూ ఇటూగా అమైలోజ్ ఉంటుంది, మిగతాదంతా అమైలోపెక్టిన్. కర్రపెండలంలో అమైలోజ్ అంతకన్నా తక్కువ. చిక్కదనం, జిగురు, మెరుపు, గట్టితనం, ఏది ఎంత కావాలన్నా ఈ రెండింటి పాళ్ళ మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

చన్నీళ్ళలో పిండి కరగదు, అడుక్కి దిగిపోతుంది. వేడి అరవై, డెబ్బై డిగ్రీల మధ్యకు వచ్చేసరికి రేణువులు నీళ్ళు పీల్చి ఉబ్బుతాయి, కొన్ని పగులుతాయి, లోపలి గొలుసులు బయటికి వచ్చి నీటినంతా పట్టి ఉంచుతాయి. అన్నం ఉడికినా, జావ చిక్కబడినా, గంజి జిగురెక్కినా జరిగేది ఇదే. సూప్‌లో కార్న్‌ఫ్లోర్ వెయ్యబోయే వాళ్ళు ముందు చన్నీళ్ళలో కలుపుకోవాలని చెప్పేదీ ఇందుకే. పొడిని తిన్నగా వేడి నీళ్ళలో వేస్తే పైపొర వెంటనే జిగురుగా మారి, లోపలి పిండికి నీళ్ళు అందక ఉండలు కట్టేస్తుంది. ఉడికినది చల్లారితే కథ వెనక్కి నడుస్తుంది. విడిపోయిన గొలుసులు మళ్ళీ ఒకదానికొకటి చేరి బిగుసుకుంటాయి. చద్దన్నం మెతుకు గట్టిపడటం, బ్రెడ్డు మర్నాటికి బిరుసెక్కడం అందుకే. బ్రెడ్డును ఫ్రిజ్‌లో పెడితే తాజాగా ఉంటుందని చాలామంది అనుకుంటారు గానీ, బూజు పట్టడం ఆలస్యమవుతుంది తప్ప, గట్టిపడటం మాత్రం ఆ చల్లదనంలో ఇంకా త్వరగా జరుగుతుంది.

ఈ గుణాలేవీ మనవాళ్ళకు కొత్త కాదు. అనకాపల్లి దగ్గర మాడుగులలో హల్వా చేసేవాళ్ళు గోధుమల్ని నానబెట్టి, రుబ్బి, పిసికి, పాలు తీస్తారు. ఆ పాలే గోధుమలోని పిండి పదార్థం. చేతిలో సాగుతూ మిగిలేది గ్లూటెన్ అనే మాంసకృత్తు. ఆ పాలను పంచదారతో, నేతితో గంటల తరబడి తిప్పితే మెరిసే హల్వా దిగుతుంది. గోదావరి ఒడ్డున ఆత్రేయపురంలో పలచటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద ఒక్క విసురు లాగుతారు. క్షణంలో నీరు ఆవిరై, పిండి ఉడికి, కాగితం కన్నా పలచని రేకు లేస్తుంది. ఆహార పరిశ్రమ పరిశోధనశాలల్లో తినదగిన పొరల మీద ఎంతో కృషి జరుగుతోంది. ఆత్రేయపురం ఆడవాళ్ళు ఆ పని కుండ మీద తరతరాలుగా చేస్తూనే ఉన్నారు. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇక అటుకులు సరేసరి. ధాన్యాన్ని నానబెట్టి, వేయించి, దంచి చదును చేస్తే అందులోని పిండి ఒకసారి ఉడికి ఆరినట్టే. అందుకే అటుకుల్ని మళ్ళీ పొయ్యి మీద పెట్టక్కర్లేదు, నీళ్ళు చల్లితే చాలు మెత్తబడతాయి. వేడినీళ్ళు పోస్తే చిక్కబడే సూప్ పొట్లాల్లోనూ, పొయ్యి ఎక్కించకుండానే గడ్డకట్టే పుడ్డింగ్ పొడుల్లోనూ ఉండేది ఇదే సూత్రం. పిండి జావను బాగా కాలిన ఇనుప రోలర్ల మీద పలచగా ఆరబెట్టి పొడి కొడతారు.

కార్ఖానాలో మొక్కజొన్న నుంచి పిండి తీసే పద్ధతి కూడా మాడుగుల గోధుమ పాలకు దూరం కాదు. గింజల్ని కొంచెం సల్ఫర్ డయాక్సైడ్ వాయువు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో ఒకటిన్నర, రెండు రోజులు నానబెడతారు. తడిగానే పగలగొట్టి మొలకను వేరు చేస్తారు, దాన్నుంచి నూనె వస్తుంది. పొట్టు, మాంసకృత్తులు పశువుల దాణాకు, కోళ్ళ మేతకు పోతాయి. చివరికి మిగిలిన తెల్లటి పాలను కడిగి ఆరబెడితే వచ్చేదే కార్న్‌ఫ్లోర్. మరపట్టించిన మొక్కజొన్న పిండి వేరు, ఇది వేరు. కిలో గింజలకు ఆరువందల గ్రాముల పైగానే పిండి వస్తుంది. అమెరికాలో థామస్ కింగ్స్‌ఫర్డ్ అనే ఆయన 1842లో ఈ పద్ధతి పట్టుకున్నాడు. మొదట్లో ఆ పిండి వంటకు కాదు, బట్టలకు గంజి పెట్టడానికి అమ్మారు. తినడానికి పనికొస్తుందని తేల్చుకోవడానికి మరికొన్నేళ్ళు పట్టింది.

వంటింట్లో గుడ్డు చేసే పని పిండి చేయగలదని చూపించింది మాత్రం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఒక మందుల దుకాణదారు. పేరు ఆల్‌ఫ్రెడ్ బర్డ్. ఆయన భార్యకు గుడ్లు పడవు. ఆవిడకు కస్టర్డ్ అంటే ఇష్టం. గుడ్డు పచ్చసొన వేడికి చిక్కబడటమే కస్టర్డ్ రహస్యం కదా, ఆ పని పిండి చేత చేయించి 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పొడి తయారు చేశాడాయన. ఇవాళ మన శాకాహార ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పళ్ళముక్కలు వేసి కలిపే పచ్చటి కస్టర్డ్ ఆయన భార్యకు పడని గుడ్డు పుణ్యమే. ఆ పొడిలో ఉన్నది పిండి, రంగు, వెనీలా వాసన. కొన్నేళ్ళ తర్వాత ఆయనే బేకింగ్ పౌడర్ కూడా చేశాడు. ఇప్పటి బేకింగ్ పౌడర్ డబ్బాల్లోనూ పిండి ఉంటుంది. ఆమ్లం, సోడా రెండూ గాలిలో తేమకు ముందే కలహించుకోకుండా ఆ తేమను తాను పీల్చుకుని కాపలా కాస్తుంది. కేకుల మీద చల్లే పంచదార పొడి గడ్డకట్టకపోవడానికీ ఇదే కాపలా.

ఇక్కడ ఒక యుద్ధం గురించి చెప్పాలి. మనం సగ్గుబియ్యం అని పిలిచేది అసలు ఆగ్నేయాసియా దీవుల్లో సాగో అనే తాటిజాతి చెట్టు కాండంలోని పిండితో చేసే వస్తువు. సింగపూర్, మలయా, జావాల నుంచి సాగో, కర్రపెండలం పిండి ఓడల మీద మన దేశానికీ, అమెరికాకూ వచ్చేవి. 1942 మొదట్లో జపాను సేనలు సింగపూర్‌నూ జావానూ పట్టుకోవడంతో ఆ దారులు మూసుకుపోయాయి. ఆ లోటును రెండు ఖండాలు రెండు రకాలుగా పూడ్చుకున్నాయి.

మన దగ్గర తమిళనాడులోని సేలంలో 1943 ప్రాంతంలో కర్రపెండలం దుంపలతో సగ్గుబియ్యం చేయడం మొదలుపెట్టారు. కర్రపెండలం దక్షిణ అమెరికా నుంచి వచ్చిన దుంప. అప్పటికే తిరువాన్కూరు సంస్థానంలో కరువు తిండిగా బాగా పాతుకుపోయి ఉంది. సేలంలో మొదలైన పని పెద్ద పరిశ్రమ అయింది. 1981లో అక్కడి తయారీదారులు సహకార సంఘం పెట్టుకున్నారు. మన వైపు ఉమ్మడి తూర్పు గోదావరి మెట్ట ప్రాంతంలో, పెద్దాపురం, సామర్లకోట చుట్టుపక్కల మిల్లులు వెలిశాయి. పెద్దాపురంలో దుంప పంటల మీద పరిశోధన కేంద్రం కూడా ఉంది. ఈ దుంపతో చిక్కు ఏమిటంటే, తవ్వాక నిలవుండదు. ఒకటి రెండు రోజుల్లో మిల్లుకు చేరకపోతే లోపల నల్ల చారలు పడి పాడవుతుంది. మిల్లులో దుంప తొక్క తీసి, కడిగి, కోరుతారు. నీళ్ళతో జల్లెడ పట్టి పాలు తీసి, తొట్లలో తేర్చుతారు. అడుగున పేరుకున్న ముద్దను సగం ఆరనిచ్చి, పొడి చేసి, గుడ్డ ఊయలలో వేసి అటూ ఇటూ ఊపుతారు. తడి పిండి దొర్లి దొర్లి ముత్యాలవుతుంది. ఆ ముత్యాలను వేడి పెనాల మీద కాసేపు వేయిస్తే పైపొర ఉడికి గట్టిపడుతుంది, తర్వాత ఎండలో ఆరబెడతారు. లోపల పచ్చి, పైన ఉడుకు. అందుకే పాయసంలో సగ్గుబియ్యం గింజ విడిపోకుండా గాజు పూసలా నిలుస్తుంది. ఉపవాసాలకూ, జ్వరం వచ్చి లేచినవాళ్ళకూ మనం పెట్టే ఈ సగ్గుబియ్యం ఇంచుమించు అచ్చమైన పిండి. నూరు గ్రాముల్లో ఒక గ్రాము మాంసకృత్తులైనా ఉండవు. తేలిగ్గా అరుగుతుంది, శక్తినిస్తుంది, అంతవరకే.

అదే లోటు అమెరికాను వేరే దారి పట్టించింది. 1908లో షాంఘై నుంచి ఒక మతబోధకుడు అమెరికా వ్యవసాయ శాఖకు ఒక వింత మొక్కజొన్న రకం పంపాడు. గింజ కోస్తే లోపల మైనంలా కనిపిస్తుంది. అందులో అమైలోజ్ దాదాపు లేదు, అంతా అమైలోపెక్టినే. చాలాకాలం అది శాస్త్రజ్ఞులకు ఒక ముచ్చటగానే ఉండిపోయింది. జావా పిండి ఆగిపోయాక, దానికి బదులుగా ఈ మైనపు మొక్కజొన్నను 1942 నుంచి పొలాల్లో పెద్ద ఎత్తున వేశారు. ఉడికితే పారదర్శకంగా, చల్లారినా గడ్డకట్టకుండా ఉండే పిండి అది. ఇవాళ ప్రపంచంలో సాస్‌లు, గ్రేవీలు, నిల్వ ఆహారాల్లో వాడే పిండిలో దీని సంతతి బాగా కనిపిస్తుంది.

ఇప్పుడు టమాటా సాస్ సీసా దగ్గరకు వద్దాం. ఇంట్లో కార్న్‌ఫ్లోర్ వేసి చేసిన సాస్‌ను నెల రోజులు ఉంచి చూడండి. చిక్కదనం జారిపోతుంది, పైన నీరు తేలుతుంది. మామూలు పిండికి ముగ్గురు శత్రువులు. పులుపు గొలుసుల్ని తెంచుతుంది. ఎక్కువసేపు మరిగించినా, యంత్రాలతో గట్టిగా చిలికినా ఉబ్బిన రేణువులు చితికిపోతాయి. ఫ్రీజర్‌లో పెట్టి కరిగిస్తే బిగుసుకున్న గొలుసులు నీటిని బయటికి కక్కేస్తాయి. కార్ఖానాలో తయారైన సాస్ ఈ మూడింటినీ తట్టుకుని లారీల్లో తిరిగి, కొట్టు అరలో ఎండకు వేడెక్కి, మీ ఇంట్లో సీసా బోర్లించినప్పుడు మెత్తగా జారాలి. అందుకని పిండిని కొంచెం మారుస్తారు. బియ్యం బస్తా మూతికి దబ్బనంతో అక్కడక్కడ కుట్లు వేసినట్టు, రేణువు లోపలి గొలుసుల మధ్య ఫాస్ఫేట్‌తోనో ఎడిపేట్‌తోనో కొద్దిపాటి కుట్లు వేస్తారు. అప్పుడది ఉబ్బుతుంది గానీ చితకదు. గొలుసులు మళ్ళీ దగ్గరకు చేరి బిగుసుకోకుండా మధ్యలో ఎసిటైల్ లాంటి చిన్న గుంపుల్ని అడ్డం పెడతారు. తర్వాత కడిగి ఆరబెడతారు. పొట్లాం వెనక ‘ఐ.ఎన్.ఎస్. 1422’ అని, అంటే ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ సంఖ్యతో, కనిపించేది కుట్టూ, అడ్డూ రెండూ ఉన్న ఇలాంటి పిండే. 1442 అన్నది కూడా దాని బంధువే, ఫ్రీజర్ తిండిలో ఎక్కువ కనిపిస్తుంది. 1450 అన్నది మరో తెలివైనది. నీళ్ళతోనూ, నూనెతోనూ స్నేహం చేస్తుంది. కమలారసం వాసన నూనెను పొడిలో పట్టి ఉంచి, గ్లాసులో కలిపినప్పుడు పైకి తేలిపోకుండా చూస్తుంది.

అంకెలు కనిపిస్తే రసాయనం అని, రసాయనమైతే విషమని ఒక ప్రచారం వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. ఈ మార్చిన పిండిని పరిశీలించిన అంతర్జాతీయ నిపుణుల సంఘం రోజుకింత మించరాదని హద్దు పెట్టాల్సిన అవసరం లేదంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2017లో పన్నెండు రకాల మార్చిన పిండిని మళ్ళీ పరీక్షించి, సాధారణ వాడకంలో భయపడాల్సిందేమీ లేదని తేల్చింది. పైగా సాస్‌లో ఇది నూటికి కొద్ది పాళ్ళే. ఆ సీసాలో ఆలోచించాల్సినవి పంచదార, ఉప్పు. వాటికి అంకె లేదు కాబట్టి మన కన్ను వాటి మీద ఆగదు.

బిరియానీ హోటల్లో చికెన్ 65 కరకరలాడటానికీ, బండి మీద గోబీ మంచూరియా సాస్ నిగనిగలాడటానికీ, గడ్డకట్టిన చికెన్ నగ్గెట్లలో నీరు నిలవడానికీ కారణం కార్న్‌ఫ్లోర్ లాంటి పిండే. వాటి సంగతి మీకు తెలిసిందే కనుక ముందుకు పోతాను.

రెండో కథ పిండిని మార్చడం కాదు, విరగ్గొట్టడం. అన్నం ముద్ద మింగకుండా కాసేపు నములుతూ ఉండండి, తియ్యబడుతుంది. లాలాజలంలోని ఎంజైము పిండి గొలుసుల్ని తెంచి చక్కెర చేస్తోంది. మొలకెత్తించిన రాగుల్ని ఎండబెట్టి పిండి పట్టించి జావ కాస్తే, మామూలు రాగి జావకన్నా పలచగా, కొద్దిగా తియ్యగా ఉంటుంది. మొలకలోని ఎంజైము చేసిన పని అది. చంటిబిడ్డ పొట్ట చిన్నది, పలచటి జావలోనే ఎక్కువ పిండి ఇమిడితే ఎక్కువ శక్తి అందుతుంది. మన అమ్మమ్మలు రాగిమాల్ట్ చేసిన పద్ధతిలో ఇంత లెక్క ఉంది.

1811లో రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో గోట్లీబ్ కిర్క్‌హోఫ్ అనే రసాయన శాస్త్రవేత్త, పిండిని కొంచెం గంధకామ్లం కలిపిన నీళ్ళలో మరిగించి చూశాడు. జావ పలచబడి, తియ్యటి పాకం మిగిలింది. చెరకు లేకుండా తీపి! నెపోలియన్ యుద్ధాలతో ఐరోపాకు పంచదార కరువైన రోజులవి. అప్పటినుంచి పిండి పరిశ్రమ దశ మారిపోయింది. ఇప్పుడు ఆమ్లానికి బదులు ఎక్కువగా ఎంజైములే వాడతారు. గొలుసుల్ని ఎంతవరకు తెంచారో చెప్పడానికి ఒక కొలత ఉంది, దాని పేరు డి.ఇ. ముట్టుకోని పిండికి సున్నా, పూర్తిగా తెగి గ్లూకోజ్ అయిపోయినదానికి నూరు. ఇరవై లోపల ఆపేస్తే మాల్టోడెక్స్ట్రిన్. ఇరవై దాటి ముందుకు పోతే గ్లూకోజ్ పాకం, బిస్కెట్ పొట్లాల మీద ‘లిక్విడ్ గ్లూకోజ్’ అని రాసేది ఇదే. చివరికంటా పోతే గ్లూకోజ్ పొడి, దానికే డెక్స్ట్రోజ్ అని మరో పేరు.

ఇంకో అడుగు కూడా ఉంది. గ్లూకోజ్‌లో కొంత భాగాన్ని మరో ఎంజైముతో ఫ్రక్టోజ్‌గా మారిస్తే పంచదారంత తియ్యటి పాకం అవుతుంది. అమెరికాలో మొక్కజొన్న చవక, బయటినుంచి వచ్చే పంచదార మీద సుంకాలు ఎక్కువ. అందుకని అక్కడి శీతల పానీయాల కంపెనీలు 1980 నుంచి ఈ పాకానికి మారాయి. మన దేశంలో ఆ సీసాల్లో ఉండేది ఎక్కువగా చెరకు పంచదారే. అమెరికాలో ఉన్న పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు ఇక్కడి కూల్‌డ్రింకు రుచి వేరుగా ఉందంటే అందులో కొంత నిజం ఉండొచ్చు.

గ్లూకోజ్ పాకానికి మిఠాయిల్లో మంచి పని ఉంది. పంచదార పాకం చల్లారాక స్ఫటికాలు కట్టకుండా ఆపుతుంది. మనవాళ్ళు పాకంలో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండేది సరిగ్గా అందుకే. మాల్టోడెక్స్ట్రిన్ కూడా పనికిమాలినది కాదు. మామిడి రసాన్ని తిన్నగా పొడి చెయ్యాలంటే గోడలకు అంటుకుపోతుంది. దీన్ని కలిపి వేడి గాలిలో పిచికారీ చేస్తే చక్కని పొడి రాలుతుంది. చిప్స్ మీద మసాలా వాసనను మోసుకొచ్చేదీ ఇదే.

చిక్కు ఎక్కడంటే, దీనికి తీపి చాలా తక్కువ, చవక, ఏ డబ్బానైనా నింపగలదు. బిడ్డ ఎదుగుదలకని, కండబలానికని, బలహీనతకని అమ్మే పొడుల డబ్బాలు తిప్పి చూడండి. కొన్నిటిలో మొదటి రెండు మూడు పేర్లలోనే ఇది కూర్చుని ఉంటుంది. నాలుకకు తీపి తెలియకపోయినా, కడుపులో పడ్డాక గ్లూకోజ్‌గా మారడానికి దానికి ఎంతోసేపు పట్టదు. రక్తంలో చక్కెర పెంచడంలో పంచదారకు తీసిపోదు. అయినా పొట్లాం వెనక పోషకాల పట్టికలో ‘చక్కెరలు’ అన్న గడిలోకి ఇది రాదు. అక్కడ లెక్కకు వచ్చేవి ఒకటి రెండు అణువుల చక్కెరలే. మాల్టోడెక్స్ట్రిన్ గొలుసు అంతకన్నా పొడుగు కాబట్టి పైగడిలో ‘కార్బోహైడ్రేట్లు’ అన్న మొత్తంలో కలిసిపోతుంది. మధుమేహం ఉన్నవాళ్ళు చక్కెర గడి చూసి నిశ్చింతగా కొనేస్తే దెబ్బతినేది ఇక్కడే. వాళ్ళు చూడాల్సింది మొత్తం కార్బోహైడ్రేట్ల గడి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, రోజువారీ శక్తిలో ధాన్యాలు, చిరుధాన్యాల వాటా నూటికి 45 మించకుండా చూసుకోమంది. మన భోజనంలో అన్నమే కొండంత. దాని మీద బిస్కెట్, దాని మీద ఈ పొడి, సాయంత్రం నూడుల్స్. ఒకే గ్లూకోజ్ నాలుగు వేషాల్లో కంచంలోకి వస్తోందని గుర్తుపెట్టుకుంటే చాలు.

పిండిని పట్టుకునే పరీక్ష ఒకటి మీలో చాలామంది స్కూల్లో చేసే ఉంటారు. బంగాళాదుంప ముక్క మీద అయోడిన్ చుక్క వేస్తే నీలి నలుపు. అమైలోజ్ గొలుసు చుట్ట చుట్టుకుని ఉంటే, ఆ చుట్ట లోపలికి అయోడిన్ దూరి ఆ రంగు తెస్తుంది. 1814లోనే ఫ్రెంచివాళ్ళు కనిపెట్టిన సంగతి ఇది. దీంతో ఇంట్లోనే పాలు, పనీరు, కోవా పరీక్షించుకోవచ్చు. పనీరో కోవానో ఓ చిన్న ముక్కను నీళ్ళలో మరిగించి, బాగా చల్లారనిచ్చి, రెండు మూడు చుక్కల టింక్చర్ అయోడిన్ వెయ్యండి. నీలం వస్తే పిండి కలిసిందన్నమాట. పాలకైతే మరిగించే పని కూడా లేదు. వేడిగా ఉన్నప్పుడు మాత్రం వెయ్యకండి, ఆ వేడికి నీలం రంగు మాయమవుతుంది. పరీక్షించిన వాటిని పారబొయ్యండి, తినకూడదు. మైనపు మొక్కజొన్న పిండైతే నీలం రాదు, ఎర్రటి గోధుమరంగు వస్తుంది, అందులో అమైలోజ్ లేదు కదా.

మరి విరగ్గొట్టిన పిండి సంగతి? అయోడిన్‌ను చుట్టుకునేంత పొడుగు గొలుసు అందులో మిగలదు. కల్తీ చేసేవాడికి ఈ కిటుకు తెలుసు. పాలల్లో నీళ్ళు పోస్తే వెన్న కాని ఘనపదార్థాల లెక్క తగ్గుతుంది. పిండి వేసి ఆ లెక్క సరిచేస్తే అయోడిన్ పట్టుకుంటుంది, మాల్టోడెక్స్ట్రిన్ వేస్తే పట్టుకోదు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు తీసి పరీక్షిస్తే, 156 నమూనాల్లో మాల్టోడెక్స్ట్రిన్ బయటపడింది.

తేనె కథ ఇంకా ముదిరింది. చెరకు, మొక్కజొన్న ఒక పద్ధతిలో గాలినుంచి కార్బన్ పట్టుకుంటాయి. తేనెటీగలు వాలే పూలమొక్కల్లో చాలావరకు, వరి కూడా, వేరే పద్ధతిలో పట్టుకుంటాయి. అందుకని తేనెలో చెరకు పాకమో మొక్కజొన్న పాకమో కలిపితే కార్బన్ రకాన్ని చూసి ల్యాబులో చెప్పేయగలరు. కల్తీదారు అప్పుడేం చేశాడు? బియ్యప్పిండిని విరగ్గొట్టి చేసిన పాకానికి మారాడు. దాని కార్బన్ తేనె కార్బన్‌లాగే ఉంటుంది, ఆ పరీక్షలో దొరకదు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2020 డిసెంబరులో ఈ వ్యవహారాన్ని బయటపెట్టినప్పుడు దేశమంతా గగ్గోలైంది. బియ్యం పాకం ఆనవాళ్ళు పట్టే వేరే పరీక్షలు మన తేనె ప్రమాణాల్లోకి అంతకుముందే చేరాయి. మన ఇంటి అన్నం గింజే ఇంత పని చేసిందంటే నమ్మబుద్ధి కాదు గానీ, నిజం.

గోధుమ పడనివాళ్ళు మీ ఇళ్ళల్లో ఉంటే ఒక హెచ్చరిక. వాళ్ళు చపాతీ మానేస్తారు, ఇంగువ డబ్బా సంగతి మర్చిపోతారు. బియ్యప్పిండితో చేసిన ఇంగువ కూడా బజార్లో దొరుకుతుంది, అడిగి తీసుకోండి.

మిగతావాళ్ళకు నా విన్నపం ఒక్కటే. మన దేశంలో పొట్లాం మీద పదార్థాల పేర్లు బరువు ప్రకారమే రాయాలి, ఎక్కువ కలిపినది ముందు, తక్కువ కలిపినది వెనక. ఈసారి కొట్టుకు వెళ్ళినప్పుడు ఆ వరుసలో మొదటి మూడు పేర్లు చదవండి. 1422 లాంటి అంకె ఎక్కడో చివర కనిపిస్తే దాని గురించి బెంగపడకండి. మాల్టోడెక్స్ట్రిన్, లిక్విడ్ గ్లూకోజ్, డెక్స్ట్రోజ్ అన్న పేర్లలో ఏదైనా ఆ మూడింట్లో ఉంటే, ముఖ్యంగా అది పిల్లల కోసం కొంటున్న డబ్బా అయితే, మళ్ళీ అరలోనే పెట్టేసి రండి. ఆ డబ్బుతో కిలో రాగులు, అరకిలో వేరుశనగలు వస్తాయి.